నీళ్ళలో నిలబడ్డ పత్తి ఎందుకు వాడిపోయింది?

మీ ప్రశ్న మూడు ముక్కలుగా ఉంది తమ్ముడూ. గుణుపురం దగ్గర కౌలుకు తీసుకున్న చేలో పత్తి వేశారు. ఇరవై రోజులు చినుకు లేదు. తర్వాత రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసి చేలో నీళ్ళు నిలిచిపోయాయి. మూడోనాడు ఎండ కాసేసరికి నిన్నటిదాకా నిగనిగలాడిన మొక్కలు తలలు వాల్చేశాయి. గట్టుకు అవతల వరి మాత్రం జానెడు లోతు నీళ్ళలో ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. "మొక్క గాలి పీల్చేది ఆకులతో కదా, ఆకులు పైనే ఉన్నాయి కదా, కింద నీళ్ళుంటే ఊపిరాడకపోవడమేమిటి?" అన్నది మొదటి ప్రశ్న. చింతచెట్టు కింద రాత్రి మంచం వేస్తే మీ అమ్మమ్మగారు లేపి మరీ లోపలికి పంపేస్తారు, అందులో నిజమెంత అన్నది రెండోది. బరంపురంలో ఒక నర్సరీ అతను "పడగ్గదిలో పెట్టుకోండి, రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుంది" అని స్నేక్ ప్లాంట్ అంటగట్టాడు, నమ్మొచ్చా అన్నది మూడోది.

నేను శాస్త్రవేత్తను కాను. పద్దెనిమిదేళ్ళు ఆంధ్ర, ఒడిశా సరిహద్దుకు ఇటూ అటూ పిల్లలకు జీవశాస్త్రం చెప్పాను. ఆ తర్వాత బత్తిలి దాటాక సొంతంగా సాగు చేసుకుంటున్నాను. నా చేలోనూ పత్తి ఇలాగే రెండుసార్లు పడుకుంది. కాబట్టి పుస్తకం ముక్క, పొలం ముక్క కలిపి చెబుతాను. పత్తి సంగతి ముందు, ఎందుకంటే దానికి గంటల లెక్క. చింతచెట్టు ఎక్కడికీ పోదు.

ముందు నీళ్ళు బయటికి పంపండి. గట్టు తెగ్గొట్టయినా సరే, సాళ్ళ మధ్య పారతో కాలువలు తీసయినా సరే. వాడిన మొక్కను ఒకదాన్ని పీకి, కాండాన్ని నిలువునా చీల్చి చూడండి. లోపల గోధుమ రంగు చారలు ఉంటే అది శిలీంధ్రంతో వచ్చే ఎండు తెగులు, దాని వైద్యం వేరు. కాండం లోపల తెల్లగా శుభ్రంగా ఉండి, మొక్క మాత్రం ఒక్కపూటలో వాలిపోయిందంటే అది పారావిల్ట్, అంటే తెగులేమీ లేకుండానే మొక్క ఉన్నట్టుండి వాడిపోవడం. బెట్ట మీద ఒక్కసారిగా నీళ్ళు పడినప్పుడు, అందులోనూ గుబురుగా పెరిగి కాయలు బాగా పట్టిన మొక్కలకే ఎక్కువ వస్తుంది. బక్క మొక్కలు బతికిపోతాయి, చూసే ఉంటారు. దీనికి కోబాల్ట్ క్లోరైడ్ లీటరు నీటికి 10 మిల్లీగ్రాములు, గ్రాములు కాదు, మిల్లీగ్రాములు, కలిపి వాలిన మొక్కల మీద ఒకటి రెండు రోజుల్లోపే కొట్టాలి. వారం పోయాక కొట్టినా ఒకటే, కొట్టకపోయినా ఒకటే. నేల కాస్త ఆరి కాలు దిగబడకుండా ఉన్నప్పుడు గుంటక తోలి మట్టి గుల్ల చేయండి. లీటరుకు 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ కలిపి ఆకుల మీద కొడితే కోలుకునే మొక్క త్వరగా తేరుకుంటుంది, ఎందుకంటే అప్పటికి దాని వేరుకి నేలలోంచి తోడుకునే ఓపిక ఉండదు.

ఇప్పుడు ఎందుకు అన్నది.

మనకు ముక్కు ఒకటే. పీల్చిన గాలిని ఊపిరితిత్తులు రక్తంలో కలిపితే, ఆ రక్తం కాలి బొటనవేలి దాకా మోసుకెళుతుంది. మొక్కకు ముక్కు లేదన్నది అందరికీ తెలిసిందే, కానీ అసలు తేడా అది కాదు. మొక్కకు రక్తం లేదు. ఆకు చేసిన చక్కెర కిందికి దిగుతుంది, వేరు తోడిన నీళ్ళు పైకి ఎక్కుతాయి, గాలిని మోసే బండి మాత్రం లేదు. అందుకని ఏ భాగానికి కావాల్సిన ఆక్సిజన్ ఆ భాగమే తన పక్కనుంచి తెచ్చుకోవాలి. ఆకుకి ఆకు చుట్టూ ఉన్న గాలి, కొమ్మకి బెరడు పక్కన ఉన్న గాలి, వేరుకి మట్టి బెడ్డల సందుల్లో ఇరుక్కున్న గాలి. పైకి ఉమ్మడి కుటుంబంలా కనిపిస్తుంది గానీ, గాలి దగ్గరికొచ్చేసరికి ఎవరి పొయ్యి వాళ్ళదే.

వేరుకి ఆక్సిజన్ ఎందుకు అంటారేమో. ఆకు పగలు కార్బన్ డయాక్సైడ్ తీసుకుని చక్కెర చేస్తుంది, ఆక్సిజన్ వదులుతుంది. అది వంట. ఆ చక్కెరను ఆక్సిజన్‌తో కాల్చి శక్తి తీసుకోవడం తిండి. వంట ఆకులోనే, పగలే. తిండి మాత్రం మొక్కలో బతికున్న ప్రతి కణం రాత్రీ పగలూ తినాల్సిందే. పిల్లలకు చాలామంది "మొక్కలు పగలు కార్బన్ డయాక్సైడ్ పీల్చి రాత్రి ఆక్సిజన్ పీలుస్తాయి" అని చెప్పేస్తారు, నేనూ మొదటి రెండేళ్ళు అలాగే చెప్పాను. తప్పు. పగలు కూడా మొక్క శ్వాసిస్తూనే ఉంటుంది, వంట జోరులో ఆ సంగతి బయటపడదు, అంతే. మొక్క తయారుచేసుకున్న చక్కెరలో సుమారు సగం ఇలా దాని సొంత శ్వాసకే ఖర్చయిపోతుంది. నమ్మకం కుదరకపోతే సరిగ్గా ఎండకుండా బస్తాకెత్తిన వడ్లలో నాలుగో రోజు మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగులుతుంది. ఆకు లేదు, వేరు లేదు, చీకటి బస్తా. అయినా గింజా, దాని మీద చేరిన బూజూ కలిసి ఊపిరి తీస్తున్నాయి, ఆ వేడి అదే.

వేరు పరిస్థితికి వద్దాం. మామూలు నేలలో మట్టి రేణువుల మధ్య సందులు సగం నీళ్ళతో, సగం గాలితో ఉంటాయి. వాన నిలిస్తే ఆ గాలి సందులన్నీ నీళ్ళతో నిండిపోతాయి. నీళ్ళలోనూ ఆక్సిజన్ కరుగుతుంది కదా అనొచ్చు. కరుగుతుంది గానీ, గాలిలో కదిలేదానికంటే నీళ్ళలో ఆక్సిజన్ దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. పైనుంచి కొత్తది దిగేలోగా ఉన్నదాన్ని వేర్లూ, మట్టిలో సూక్ష్మజీవులూ కలిసి ఒకటి రెండు రోజుల్లో ఖాళీ చేస్తాయి. నేల వెచ్చగా ఉంటే ఇంకా తొందరగా. మన వైపు ఆగస్టు, సెప్టెంబరు నేల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఆక్సిజన్ అందని వేరు చక్కెరను కాల్చలేక పులియబెట్టుకోవడం మొదలుపెడుతుంది. అదే కుండలో కల్లు పులిసే పద్ధతి. శక్తి ఏ మూలకూ రాదు, సారా లాంటిది మిగులుతుంది, కణం లోపల పులుపెక్కుతుంది. ఆ పులుపుకి వేరు కణాల్లో నీళ్ళు లోపలికి రానిచ్చే సన్నని దారులు మూసుకుపోతాయి. ఇక్కడే మీరు చూసిన వింత. చుట్టూ నీళ్ళు, లోపలికి మాత్రం రావు. మబ్బుగా ఉన్నంతసేపు ఆకుకి పెద్దగా నీళ్ళు అక్కర్లేదు కాబట్టి బయటపడదు. ఎండ కాయగానే ఆకు ఆవిరి వదులుతుంది, కిందనుంచి సరఫరా లేదు, తల వాలుతుంది. పీకిన మొక్క వేరుని ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. బాగున్న వేరు పచ్చి మట్టి వాసన వేస్తుంది. ఊపిరాడని వేరు పుల్లగా, మురిగిన వాసన వేస్తుంది, రంగు తిరిగి, రెండు వేళ్ళతో లాగితే పైతొక్క జారి లోపలి దారం మిగులుతుంది. దారం మిగిలే స్థితికి వచ్చిన మొక్క మీద మందు ఖర్చు పెట్టకండి.

ఇంకో సంగతి కూడా జరుగుతుంది. మునిగిన వేరులో ఇథిలీన్‌కి ముడిసరుకు తయారవుతుంది. ఆ ముడిసరుకుని ఇథిలీన్ వాయువుగా మార్చాలంటే ఆక్సిజన్ కావాలి, అది కింద లేదు. అందుకని అది నీళ్ళతోపాటు పైకెక్కి, గాలి ఉన్న ఆకుల్లో ఇథిలీన్ అవుతుంది. అరటిగెలకు పొగ పెడితే మగ్గేది ఈ వాయువు వల్లే, పొగలో కొంత ఉంటుంది. పచ్చి మొక్కలో ఇది ఎక్కువైతే ఆకు కాడ కిందికి వంగుతుంది, గూడ, అంటే పూమొగ్గ, రాలుతుంది. కోబాల్ట్ చేసేది ఈ చివరి మెట్టు దగ్గర అడ్డుపడటం. అంటే అది వేరుకి ఊపిరి పోయదు, వేరు పైకి పంపే చెడు కబురుని ఆపుతుంది. అందుకే నీళ్ళు తీయకుండా కోబాల్ట్ మాత్రమే కొడితే ప్రయోజనం ఉండదు. మొదటిసారి నేను చేసింది సరిగ్గా అదే. కాలువ తీయడానికి కూలీలు దొరకలేదని మందు కొట్టి ఊరుకున్నాను. కింద పల్లంలో అర ఎకరం పోయింది.

వచ్చే ఏడు నల్లరేగడిలో బోదెలు, అంటే ఎత్తు సాళ్ళు, తోలి బోదె మీద గింజ పెట్టండి. అరడుగు ఎత్తు చాలు, మొదటి వేర్లకి పైపైన గాలి దొరుకుతుంది.

మరి వరి ఎందుకు చావదు? వరి కూడా ఆక్సిజన్ లేకుండా బతకలేదు. అది తన గాలిని తానే గొట్టాలు వేసుకుని తెచ్చుకుంటుంది. ముదురు వరి దుబ్బుని ఒకటి పీకి, కడిగి, వేరుని బ్లేడుతో అడ్డంగా కోసి భూతద్దంలో చూడండి. మధ్యలో సన్నని దారం, చుట్టూ సైకిల్ చక్రం ఊచల్లా పలుచని గోడలు, వాటి మధ్య అంతా ఖాళీ. ఆ ఖాళీలే గాలి దారులు. వేరు లోపలి కణాలు కొన్ని తమంత తామే చచ్చి ఆ దారి ఇస్తాయి. ఆకు దగ్గర లోపలికొచ్చిన గాలి వీటి గుండా వేరు కొసదాకా దిగుతుంది. ఇంకా తెలివి ఏమిటంటే, దిగే దారిలో ఆక్సిజన్ పక్కల్లోంచి మట్టిలోకి కారిపోకుండా వేరు పైపొరలకు పూత పూసినట్టు అడ్డుగోడ కట్టుకుంటుంది. కొస దగ్గర మాత్రం వదిలేస్తుంది. అందుకే బురదలో పెరిగిన వరి వేరు మీద తుప్పు రంగు కనిపిస్తుంది. మట్టిలోని ఇనుము ఆ కాస్త ఆక్సిజన్ తగిలి తుప్పు పట్టిందన్నమాట. పత్తికీ కొద్దిపాటి ఏర్పాటు లేకపోలేదు గానీ, రెండు రోజుల్లో కట్టుకునేంత కాదు.

ఆ గొట్టాలు రెండు వైపులా పనిచేస్తాయి. బురదలో పుట్టే మీథేన్ వాయువులో ఎక్కువ భాగం నీళ్ళలోంచి బుడగలుగా రాదు, వరి మొక్క లోపలి దారుల గుండానే పైకి వచ్చేస్తుంది. మధ్యమధ్యలో మడి ఆరబెట్టమని వ్యవసాయాధికారులు చెప్పేది నీళ్ళ పొదుపుకే కాదు, దీనికి కూడా.

వరి ఆకుని బకెట్ నీళ్ళలో ముంచి వెలుగులో చూడండి. వెండి రేకు చుట్టినట్టు మెరుస్తుంది. చేమాకు కూడా అంతే. ఆకు మీద మైనం, సన్నటి నూగు కలిసి నీటిని అంటనివ్వవు, అందువల్ల పలుచని గాలిపొర ఒకటి మిగిలిపోతుంది. మునిగిన మొదటి రోజుల్లో ఆకు ఆ పొర ద్వారానే నీటితో వాయువుల బేరం నడుపుతుంది. వంశధార పొంగి మడి మీదికి వచ్చినప్పుడు తేట నీళ్ళయితే వరి నాలుగు రోజులు ఎక్కువ తట్టుకుంటుంది, ఎర్రటి బురద నీళ్ళయితే త్వరగా కుళ్ళుతుంది అని మా ఊరి పెద్దలు చెప్పేవారు. నిజమే. బురద నీళ్ళలో వెలుగు దిగదు, వెలుగు లేకపోతే ఆకు తనకు కావాల్సిన ఆక్సిజన్ చేసుకోలేదు.

ఇక్కడ మనవాళ్ళకు బాగా దగ్గరైన కథ ఒకటుంది, చెప్పకుండా ఉండలేను. పూర్తిగా మునిగిన వరి మామూలుగా ఏం చేస్తుందంటే, ఎలాగైనా తల బయట పెట్టాలని ఉన్న చక్కెరంతా ఖర్చుపెట్టి పొడుగు సాగుతుంది. నీళ్ళు తగ్గేసరికి ఒంట్లో సత్తువ లేక పడిపోతుంది. ఒడిశా నాటు వడ్ల నుంచి ఎంపిక చేసిన ఎఫ్‌ఆర్ 13ఏ అనే రకం అలా చేయదు. మునిగితే ఊపిరి బిగబట్టినట్టు ఎదుగుదల ఆపుకుని కూర్చుంటుంది, చక్కెర దాచుకుంటుంది, నీళ్ళు తగ్గాక మళ్ళీ లేస్తుంది. దానికి కారణమైన సబ్1ఏ అనే జన్యువుని 2006లో గుర్తించారు. దాన్ని సంకరణ పద్ధతిలో తెచ్చి కలిపింది ఏ రకంలోనో తెలుసా? మన పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో పుట్టిన స్వర్ణ అనే వరి రకంలో, అదే ఎంటీయూ 7029. అలా వచ్చిన స్వర్ణ సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. రెండు వారాల దాకా మునకను తట్టుకుంటుంది. ఒడిశా వడ్ల ఓర్పు, గోదావరి జిల్లా వడ్ల దిగుబడి. సరిహద్దులో ఉండే మనకు ఇంతకంటే సరిపడే సంబంధం దొరకదు. ఏటి ఒడ్డు పల్లాల్లో అదే వేయండి.

తామరతూడు విరిచి చూసే ఉంటారు, లోపల బొక్కలు బొక్కలుగా ఉంటుంది. చిన్నప్పుడు మేం పర్లాకిమిడిలో చెరువులో దిగి తూడు ఒక కొస నీళ్ళలో ముంచి రెండో కొస నుంచి ఊది బుడగలు తెప్పించేవాళ్ళం. మేం ఆటకి చేసింది తామర రోజూ చేస్తుంది. ఎండకి వెచ్చబడ్డ ఆకులో గాలి ఒత్తిడి పెరిగి, కాడ గుండా బురదలో ఉన్న దుంపలోకి దిగి, ఇంకో దారిలో మళ్ళీ పైకి వస్తుంది. గాలిని ఇలా తోసే మొక్కలు తక్కువ. మిగతావన్నీ ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి వాయువు తనంత తాను పాకడం మీదే ఆధారపడతాయి. వంటింట్లో తాలింపు వేస్తే వాసన వీధి అరుగు దాకా వచ్చినట్టు.

చెట్ల కాండాలు, కొమ్మలు కూడా గాలి తీసుకుంటాయి. బెరడు నీళ్ళూ గాలీ చొరనివ్వని బిరడా లాంటిది, కాబట్టి దానికి అక్కడక్కడ చిన్న చిన్న కిటికీలు ఉంటాయి. లెంటిసెల్స్ అంటారు. మునగ కొమ్మ మీద గరుకుగా చేతికి తగిలే చిన్న బొడిపెలు అవే. మామిడికాయ మీద లేత చుక్కలు, బంగాళాదుంప మీద చుక్కలు అవే కోవ. కాకినాడ దగ్గర కోరింగలో, ఒడిశాలో భితర్‌కనికలో మడ చెట్ల వేర్లు బురదలోంచి పైకి మేకుల్లా పొడుచుకొచ్చి నిలబడతాయి, ఆ మేకుల నిండా ఈ కిటికీలే. సముద్రపు పోటు తీసినప్పుడల్లా అవి గాలి పీలుస్తాయి.

కాండం తట్టుకుంటుంది, వేరు మాత్రం తట్టుకోలేదు. దీనికి నేను ఇచ్చిన మూల్యం ఒక పనసచెట్టు. మా మామగారి పెరట్లోది, ఏటా నలభై యాభై కాయలు కాసేది. వానాకాలం పెరడు బురదవుతోందని నేనే మేస్త్రీని పిలిపించి, అడుగున్నర మట్టి పోయించి, మొదలు చుట్టూ దాకా సిమెంటు చేయించాను. మామగారు "చెట్టుకి కాస్త జాగా వదలరా" అన్నారు. నీళ్ళు పోయడానికేమో అనుకుని, పైపు పెడతాలే అన్నాను. మరుసటేడు ఆకు చిన్నదైంది. ఆ పై ఏడు కొనకొమ్మలు ఎండాయి. మూడో ఏడు కొట్టించాం. దానికి నీళ్ళు తక్కువ కాలేదు, గాలి తక్కువైంది. ఇప్పుడు ప్రతి బడిలోనూ, గుడిలోనూ చెట్టు మొదలు చుట్టూ టైల్స్‌తో అరుగు కడుతుంటే నా కాళ్ళు అక్కడే ఆగిపోతాయి.

ఇక ఆకు. ఆకు అడుగున కంటికి కనపడని రంధ్రాలు ఉంటాయి, పత్రరంధ్రాలంటారు. చదరపు మిల్లీమీటరుకు 100 నుంచి 300 దాకా ఉండటం మామూలు. ఒక్కో రంధ్రానికి రెండు వైపులా రెండు పెదవుల్లా రెండు కణాలు. వాటిలోకి పొటాషియం, దాని వెంట నీళ్ళు చేరితే అవి ఉబ్బి విల్లులా వంగుతాయి, మధ్య సందు తెరుచుకుంటుంది. నీళ్ళు పోతే వాలిపోయి మూసుకుంటుంది. మీ పిల్లలకు చూపించాలంటే నున్నటి ఆకు ఏదైనా తీసుకుని అడుగున రంగులేని గోళ్ళ రంగు పలుచగా పూయండి. ఆరాక దాని మీద సెల్లోటేపు అంటించి నెమ్మదిగా లాగితే ఆకు అచ్చు టేపు మీదికి వస్తుంది. బడిలో మైక్రోస్కోపు కింద పెడితే వరసగా పెదవులు కనిపిస్తాయి. మైక్రోస్కోపు దొరక్కపోతే గన్నేరు ఆకు వెనక్కి తిప్పండి. తెల్లటి చుక్కల్లాంటి గుంటలు కనిపిస్తాయి. దాని రంధ్రాలు ఆ గుంటల లోపల, నూగు కప్పుకుని దాక్కుని ఉంటాయి. తామర, కలువ ఆకులకు రంధ్రాలు పైవైపు, అడుగు నీళ్ళ మీద ఉంటుంది కాబట్టి.

దాక్కోవడం ఎందుకంటే, తలుపు తీస్తే వచ్చేది తక్కువ, పోయేది ఎక్కువ. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పదివేల పాళ్ళలో నాలుగు పాళ్ళు మాత్రమే. ఆ నాలుగు పాళ్ళ కోసం తలుపు తెరిస్తే లోపలి తడి ఆవిరై పోతుంది. వరి లాంటి మొక్క ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువు సంపాదించడానికి 400 నుంచి 500 నీటి అణువులు పోగొట్టుకుంటుంది. చోళ్ళు (రాగులు), మొక్కజొన్న వేరే పద్ధతిలో కార్బన్‌ని పట్టుకుంటాయి కాబట్టి సుమారు సగంతో సరిపెడతాయి. కొండ మీద సవర గిరిజనులు చోళ్ళు వేసేది, కింద మడిలో మనం వరి వేసేది ఊరికే కాదు. వేరు తోడిన నీటిలో నూటికి 90 పాళ్ళకు పైగా ఇలా ఆకు తలుపుల గుండానే పోతుంది. అందుకే మండే మధ్యాహ్నం చాలా మొక్కలు తలుపులు వేసుకుని కునుకు తీస్తాయి. ఆకుల మీద కొట్టే ఎరువులు పొద్దున్నో సాయంత్రమో కొట్టమనేది అందుకే.

చింతచెట్టుకి వద్దాం. 1779లో ఇంగెన్‌హౌజ్ అనే డచ్ వైద్యుడు మొక్కల ఆకుపచ్చ భాగాలు వెలుగులో మంచి గాలిని, చీకట్లో చెడ్డ గాలిని వదులుతాయని చూపించాడు. చూపించింది నిజమే. భయం మాత్రం అవసరానికి మించి పెరిగింది. ముతక లెక్క వేసి చూద్దాం. నిద్రపోయే మనిషి నిమిషానికి దాదాపు పావు లీటరు లోపు కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. పెద్ద చింతచెట్టు ఆకులన్నీ కలిపి రాత్రి వదిలేది ఇద్దరు ముగ్గురు మనుషులు వదిలేదానికి అటూ ఇటూగా ఉంటుంది. అదీ ముప్ఫై అడుగుల ఎత్తున, నాలుగు వైపులా గాలాడే చోట. మీ పక్క మంచంలో మీ బావగారు పడుకుంటే లేని ప్రమాదం దానివల్ల రాదు. అలాగని అమ్మమ్మగారితో వాదన పెట్టుకోకండి. చెట్టు కింద చీమలు, తేళ్ళు, ఎండు కొమ్మలు, గబ్బిలాలు, ఇవేవీ ఆక్సిజన్ లెక్కలో రావు.

స్నేక్ ప్లాంట్ సంగతి సగం నిజం, సగం వ్యాపారం. అది కలబంద, అనాస, నాగజెముడు కోవది. ఎండ దేశపు మొక్క కాబట్టి పగలు తలుపులు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. అప్పుడు కార్బన్ డయాక్సైడ్‌ని లోపలికి తీసుకుని పులుపుగా మార్చి దాచుకుంటుంది. తెల్లారాక ఎండ వెలుగులో ఆ పులుపుని విడగొట్టి చక్కెర చేస్తుంది. ఆక్సిజన్ పుట్టేది ఆ పగటి వెలుగులోనే. చీకట్లో ఏ మొక్కా ఆక్సిజన్ తయారు చేయదు, రావిచెట్టయినా సరే. రావి గురించి వాట్సాప్‌లో వచ్చేది నాకూ నెలకొకసారి వస్తుంది. కాబట్టి ఆ కుండీ రాత్రి కొంచెం కార్బన్ డయాక్సైడ్ లాగుతుంది, అదీ మీరు వదిలేదాంట్లో వందో వంతు కూడా కాదు. ఉంచుకోండి, బాగుంటుంది. గది కిటికీ మాత్రం తెరవండి.

ఈ రాత్రి పులుపు సంగతి మొదట రాసిపెట్టిన వాళ్ళలో ఒకరు మన గడ్డ మీద తిరిగిన మనిషే. బెంజమిన్ హెయిన్ అనే జర్మన్, ఒకప్పుడు సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటలో పనిచేసినవాడు. 1813లో రాసిన ఉత్తరంలో, రణపాల కోవ మొక్క ఆకు పొద్దున నమిలితే పుల్లగా ఉందనీ, మధ్యాహ్నానికి రుచే లేదనీ, సాయంత్రానికి కాస్త చేదెక్కిందనీ చెప్పాడు. ఏ పరికరమూ లేదు, నాలుక తప్ప. రణపాల మీ పెరట్లోనూ ఉండే ఉంటుంది, మన వైపు కిడ్నీ రాళ్ళకని ప్రతి ఇంటా పెంచుతారు. రేపు పొద్దున సూర్యుడు రాకముందు చిన్న ముక్క కొరికి రుచి చూసి ఉమ్మేయండి. అదే మొక్క ఆకు సాయంత్రం నాలుగింటికి మళ్ళీ. మీ పిల్లలతో కూడా చేయించండి, కాకపోతే రణపాలే అని పెద్దవాళ్ళు చూసి కోసివ్వాలి.

ముందు మాత్రం పత్తి దగ్గరికి వెళ్ళండి. వేరు వాసన ఎలా ఉందో, కాండం చీలిస్తే లోపల ఏ రంగు ఉందో రాయండి. ఎన్ని మొక్కలు నిలుస్తాయో అప్పుడు చెప్పొచ్చు.